లప్పం మేస్త్రి పూడ్చిన అతుకు

అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అనలేదు. లప్పం మేస్త్రిని చూశాకే అన్నారని ఆ వీధిలో కొందరి నమ్మకం. ముప్పై ఏళ్లుగా ఇళ్ల గోడలకు లప్పం పెట్టడం ఆయన పని. గోడ మీద పగులున్నా, గుంటున్నా, తెల్లటి ముద్ద పెట్టి రేకుతో లాగి, ఉప్పుకాగితంతో రుద్ది, అక్కడేమీ జరగలేదన్నట్టు చేసేస్తాడు. మాటల్లో కూడా అదే పనితనం. కాకపోతే గోడకి మూడు కోట్లతో ఆగుతాడు, మాటకి ఆగడు.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆయన, వీధంతా అక్కా అని పిలిచే ఆవిడ టీకొట్టులో బల్ల మీద కూర్చుని మూడో టీ తాగుతున్నాడు. ఎడమ మోకాలు ఊగుతూనే ఉంది. దాంతోపాటు బల్లా ఊగుతోంది. అదే బల్ల మీద కూర్చున్న పాపానికి, రిటైరైన పోస్ట్‌మన్ చొక్కా మీద అప్పటికే రెండుసార్లు టీ ఒలికింది. ఆయన తుడుచుకుని అక్కడే కూర్చున్నాడు. జీవితమంతా ఇతరుల ఉత్తరాలు మోసినవాడికి ఇతరుల మోకాళ్లు ఒక లెక్కా.

మేస్త్రి కళ్లు మాత్రం ఎదురింటి ఇనపమెట్ల మీదే ఉన్నాయి. ఆ మెట్లెక్కితే మేడ మీద ఒక గది. ప్రతి ఆదివారం ఏడుగురు అక్కడ చేరి, చిటికెనవేలంత సైనికుల్ని బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధాలు చేసుకుంటారు. ఇంట్లో చేస్తున్నవి చాలకే వస్తారని పక్క సెలూనాయన అభిప్రాయం. ఆ ఏడుగురిలో మేస్త్రి కూతురు ఒకతె.

యుద్ధభూమి మొత్తం ఒకే బల్లగా చేస్తే గుమ్మం పట్టదు. అందుకని మూడేసి అడుగుల చదరంగా నాలుగు చెక్కలు చేసి, వాటి మీద గుట్టలూ బాటలూ పొలాలూ తయారుచేసి, ఆట రోజున నాలుగూ దగ్గరికి చేరుస్తారు. అంతా బాగానే ఉంటుంది, చెక్కకీ చెక్కకీ మధ్య నల్లగా కనబడే అతుకు తప్ప. ఏ రాజ్యంలో యుద్ధం జరిగినా నడిమధ్యన ఒక కూడిక గుర్తు. చుట్టుపక్కల ఊళ్ల ఆటగాళ్లు వీళ్లకి ‘కూడిక జట్టు’ అని పేరుపెట్టి రెండేళ్లయింది. మంచి పేరు రావడానికి టైం పడుతుంది గానీ, ఇలాంటివి వెంటనే అతుక్కుంటాయి.

ఈ ఆదివారం ఊళ్లోని పెద్ద హాల్లో అన్ని జట్ల ఆటలూ పెట్టారు. మొదటి ఆట మేస్త్రి కూతురిది. పదకొండింటికి బల్ల సిద్ధంగా లేకపోతే ఆ చోటు ఇంకో జట్టుకి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. శుక్రవారం నాడు ఆ పిల్ల తండ్రి దగ్గరికొచ్చి, “నాన్నా, ఆ అతుకు సంగతి కాస్త చూడవూ? కనబడకుండా చెయ్యాలి. నీకైతే తెలిసిన పని” అంది. తండ్రిని ఏదైనా అడగడం ఆమె మానేసి చాలాకాలమైంది. మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. శనివారం మధ్యాహ్నం పైకెళ్లి పని కానిచ్చాడు.

ఆదివారం ఏడింటికి, చెక్కలు విడదీసి సిద్ధంగా పెడదామని ఒక్కడే మళ్లీ పైకెళ్లాడు. ఒక మూల పట్టుకుని లాగాడు. రాలేదు. రెండో మూల లాగాడు. రాలేదు. గోడకి కాలు తన్నిపెట్టి లాగితే బల్ల మొత్తం జానెడు జరిగింది గానీ చెక్క విడలేదు. అవి విడదీయాల్సిన చెక్కలని తెలియక కాదు. పగులు కనబడితే పూడ్చడం తప్ప ఆ చేతికి ఇంకోటి తెలియదు, అంతే. అప్పటినుంచి మోకాలు ఊగుతోంది. కూతురు పదింటికి ట్రాలీ ఆటో తీసుకొస్తుంది. ఈలోపు ఎవరూ పైకెళ్లకుండా చూడాలి. మనుషుల్ని కదలకుండా కూర్చోబెట్టే విద్య మేస్త్రికి ఒక్కటే తెలుసు.

“బావా, చెక్కలు దించుదామా?” అంటూ బావమరిది వచ్చాడు. ఆ చెక్కలు చేసిన వడ్రంగి అతనే. మాటల్ని కూడా చిత్రిక పట్టి, మిగిలినవే వాడతాడు.

“దించుదువుగాని, కూర్చో. అక్కా, మా బావమరిదికో టీ. అసలు ఆ అతుకు నేనెలా దాచానో తెలుసా నీకు?”

“చూస్తే తెలుస్తుందిగా.”

“చూస్తే తెలియదురా! అదే కదా నేను చెప్పేది!” మేస్త్రి అతని భుజం పట్టి బల్ల మీద కూలేశాడు. “నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్లాను. అతుకు నన్ను చూసింది, నేను అతుకుని చూశాను. జిగురూ, లప్పం, మెత్తటి రంపంపొట్టూ కలిపాను. మొదటి కోటు లోపలికంటా కూరాను. రెండోది రేకుతో లాగాను. మూడోది తడివేలితో, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు. పైన ఇసక. ఏ ఇసక? చెక్కల మీద చల్లగా మిగిలిన అదే బకెట్లో ఇసక. వేరే ఇసకయితే ఎండలో రంగు తేడా పట్టేస్తుంది. ఆపైన పచ్చరంగు కలిపిన పొట్టు గడ్డిలా చల్లాను. మూడింటికల్లా అతుకు లేదు.”

“ఇంతవరకూ నమ్ముతున్నాం. ఇక్కడ ఆపేస్తే నీకూ మర్యాదగా ఉంటుంది” అన్నాడు సెలూనాయన. ఆదివారం షాపు నిండా జనం ఉన్నా, ఈ కథల కోసం ఒక గడ్డానికి నురగ పూసి వచ్చేశాడు. నురగతో ఉన్న మనిషి కూడా వెంటే వచ్చి టీకొట్టు గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీమ వచ్చింది. ఆ గదిలో ఒక నల్లచీమ ఉంది. రెండేళ్లుగా ఆ అతుకు వెంబడే నడిచి కిటికీ దగ్గరున్న పంచదార డబ్బాకి పోతుంది. దాని తాతముత్తాతల దారి అది. వచ్చింది, చెక్క చివర ఆగింది. ముందుకు రెండడుగులు, వెనక్కి మూడు. మీసాలు తిప్పింది. దారి లేదు. తిరిగి తిరిగి, తిరిగి తిరిగి, చివరికి ఒక సైనికుడి కాళ్ల దగ్గర చతికిలబడిపోయింది. నేనే వేలు మీద ఎక్కించుకుని వాళ్లింటి దగ్గర దింపొచ్చాను.”

“పాపం” అన్నాడు పోస్ట్‌మన్. దారి తప్పిన వాళ్లంటే ఆయనకి మొదటినుంచీ జాలి.

మేస్త్రి జేబులో ఫోను మోగింది. కూతురు. తీసి చూసి, బల్ల మీద బోర్లా పెట్టాడు. అది కాసేపు తిరగబడ్డ తాబేలులా గిలగిల్లాడి ఊరుకుంది.

“ఎవరు?” అంది టీకొట్టు అక్క.

“రాంగ్ నంబరు. విను. నాలుగింటికి వాచీల రిపేరాయన వచ్చాడు, అదే, వాళ్ల జట్టులో ముసలాయన. కంటికి ఆ గాజు బిళ్ల తగిలించుకుని, ముక్కు గడ్డికి ఆనించి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతికాడు. లేదు. ఆ చివర్నుంచి ఈ చివరికి వెతికాడు. లేదు. గాజు పాడైందనుకుని తీసి చేతి వాచీ చూసుకున్నాడు. ముల్లు బానే కనబడుతోంది! మనిషి అక్కడే కూలబడి, ‘మేస్త్రీ, నలభై ఏళ్లు ఈ కంటిని నమ్ముకుని బతికాను’ అని కంటతడి పెట్టాడు.”

“ఆయన పదిరోజులుగా ఊళ్లో లేడుగా?” అన్నాడు సెలూనాయన.

“అందుకే లేడు! ఆ అవమానంతోనే వెళ్లిపోయాడు!”

“నిన్నటి అవమానంతో పదిరోజుల కిందట వెళ్లాడన్నమాట.”

“మాటకి అడ్డం రాకు. నీ కస్టమరు నురగ ఆరిపోతోంది చూడు.”

బావమరిది టీ అయిపోయింది. గ్లాసు కింద పెట్టి లేచాడు. “వెళ్లి బోల్టులు విప్పుతా.”

“ఏయ్, ఏయ్! అసలు కథ ఇప్పుడు మొదలైంది, ఎక్కడికి? అక్కా, ఇంకో టీ!” మేస్త్రి అతని లుంగీ కొస పట్టుకున్నాడు. లుంగీ కట్టుకున్నవాడికి అంతకన్నా గట్టి సంకెల ఉండదు. అతను కూర్చున్నాడు. గోడ గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది. మేస్త్రి మోకాలు వేగం పెరిగింది. ఈసారి పోస్ట్‌మన్ ముందుజాగ్రత్తగా గ్లాసు ఎత్తి గాల్లో పట్టుకున్నాడు.

“ఐదింటికి మేక వచ్చింది.”

“మేడ మీదికా?” అంది అక్క.

“ఇనపమెట్లెక్కి! కిటికీలోంచి పచ్చిక కనబడింది దానికి. గుమ్మంలో నిలబడి నన్ను చూసి, ‘నీదేనా పొలం’ అన్నట్టు తలాడించింది. వద్దనేలోపే ఒక పక్క మేసేసింది. రంపంపొట్టు కదా, తింటే చస్తుందేమోనని నాకు కంగారు. చావడం మాట దేవుడెరుగు, సాయంత్రం ముందెన్నడూ లేనట్టు రెండు లీటర్ల పాలిచ్చిందట! ఆ తర్వాత ఏమైందో తెలుసా? భూముల సర్వేయరు వచ్చాడు గొలుసు పట్టుకుని. ‘ఇంత సాగుభూమి ఊరి మధ్యలో ఉంటే నా కాగితాల్లో ఎందుకు లేదు’ అని గొడవ. కొలిచాడు. గట్టు కోసం వెతికాడు. గట్టుంటే కదా! ‘అతుకూ గట్టూ లేని ఇలాంటి ఏకఖండం నా సర్వీసులో చూడలేదు’ అని అక్కడికక్కడే నంబరు వేసి, తమ్ముడి పేర కొంత కౌలుకిస్తావా అని అడిగి మరీ వెళ్లాడు.”

నురగతో ఉన్న మనిషి పకపకా నవ్వేసరికి నురగ కొంచెం సెలూనాయన చెప్పుమీద పడింది.

“ఇదంతా నిన్న మధ్యాహ్నం నుంచి సాయంత్రంలోపే?” అన్నాడు సెలూనాయన.

“ఆరింటికి భూకంపం.”

“మాకు తెలియలేదే!”

“మీకెందుకు తెలుస్తుంది? మీకోసం రాలేదు. నాకోసం వచ్చింది.” మేస్త్రి లేచి నిలబడ్డాడు. కూర్చుంటే మోకాలు ఆగడం లేదు మరి. “గోడ మీద ఇంత పగులు. ముప్పై ఏళ్లలో నేను పూడ్చిన పగుళ్లన్నిటికీ పెద్ద అది, వాటి పగ తీర్చుకోవడానికి వచ్చింది. పైకప్పు దగ్గర పుట్టి, గోడ దిగి, నేల మీద పాకుతూ, బల్ల కాలెక్కి, చెక్క దగ్గరికి వచ్చింది. లోపలికి పోదామని అతుకు కోసం చూసింది. లేదు. చుట్టూ తిరిగింది. లేదు. అప్పుడు నావైపు తిరిగి...”

“పగులు తిరిగింది.”

“తిరిగి, తల వంచి, ‘మేస్త్రీ, నీ చేతికో దణ్ణం’ అని వచ్చిన దారినే వెనక్కి పోయింది! వెళ్లి చూసుకోండి, గోడ మీద గీత కూడా లేదు!”

“గీత లేకపోవడమే సాక్ష్యమా?” అంది అక్క.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో ట్రాలీ ఆటో హారన్ వినబడింది. మేస్త్రి మాట మధ్యలో వదిలేసి అటు తిరిగాడు. ఆటో ఎదురింటి ముందు ఆగింది. కూతురు దూకి దిగి, ఇటు చెయ్యూపి, “నాన్నా, ఫోనెత్తవేం? మామయ్యా, రా, టైమవుతోంది!” అంటూ ఇనపమెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. మొత్తం పద్దెనిమిది మెట్లు. ఒక్కొక్కటీ ఖంగుమంటోంది. మేస్త్రికి అవి తన వీపు మీద ఎక్కుతున్నట్టే ఉంది.

“చివరికి ఏమైందో తెలుసా?” అన్నాడు. కళ్లు మెట్ల మీదే ఉన్నాయి. “ఇవాళ పొద్దున నేనే వెళ్లి వెతికాను. నాకే కనబడలేదు.”

టీకొట్టు ఘొల్లుమంది. పోస్ట్‌మన్ ఎత్తి పట్టుకున్న టీ ఈసారి ఆయనే ఒంపుకున్నాడు. “భూకంపం కన్నా ఇది పెద్దది!” అని సెలూనాయన తొడ చరిచాడు.

“కాదయ్యా, నిజం.”

“ఆహా!”

“ఒట్టు. విడదీద్దామని లాగాను. రాలేదు. మా అమ్మాయి మీద ఒట్టు.”

వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. చీమకి జాలిపడ్డ పోస్ట్‌మన్ కూడా, మేక పాలు లెక్కేసుకున్న అక్క కూడా, ఈ ఒక్కటి మాత్రం నమ్మలేదు. ముప్పై ఏళ్లలో మేస్త్రి నోట మొదటిసారి నిజం వస్తే, దానికి కూర్చోడానికి చోటు దొరకలేదు.

పైనుంచి కిటికీ రెక్క తెరుచుకుంది.

“నాన్నా! అతుకు ఎక్కడ?”

నవ్వుతున్న తలలన్నీ ఒక్కసారిగా కిటికీవైపు తిరిగాయి.

బావమరిది రెండో గ్లాసు కింద పెట్టాడు. “గుమ్మం మూడున్నర అడుగులు. బల్ల ఆరు” అని, లుంగీ విడిపించుకుని లేచాడు.

అందరూ పైకెళ్లారు. అక్క స్టవ్ తగ్గించి మరీ వెళ్లింది. గదిలో బల్ల మీద ఆరడుగుల చదరంగా యుద్ధభూమి పరుచుకుని ఉంది. నిజం చెప్పుకోవాలి, అద్భుతంగా ఉంది. గుట్ట మీంచి పొలంలోకి, పొలంలోంచి బాట మీదికి చూపు ఎక్కడా తట్టుకోకుండా జారిపోతోంది. సెలూనాయన వంగి, వేలితో తడిమి, ఏ వంకా దొరక్క నిటారుగా నిలబడ్డాడు. ఆయనకది అలవాటు లేని పని.

కూతురు బల్ల మధ్యన గోటితో గీకి చూసి వదిలేసింది. “దాచమన్నాను నాన్నా. చంపెయ్యమన్నానా?”

మేస్త్రి దగ్గర చీమకి సమాధానం ఉంది, సర్వేయరుకి ఉంది. దీనికి లేదు. “చెయ్యి ఊరుకోలేదమ్మా” అన్నాడు నేలవైపు చూస్తూ.

“ఎక్కడుందో గుర్తుంటే చెప్పు, కోసేద్దాం.”

“గుర్తు లేదు. గుట్టల మీంచి కొలత సరిగ్గా రాదు, వేలెడు అటూ ఇటూ కోస్తే కింద చట్రం అడ్డమొస్తుంది. మొత్తం పాడైపోతుంది.”

ఆమె ఫోను తీసింది. హాలువాళ్ల నంబరు వెతికింది. పదీ పది అయింది. “ముందే చెప్పేస్తే మర్యాద. ఎవరో ఒకరు ఆడుకుంటారు” అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని మేస్త్రికి అనిపించింది. చెవి దగ్గర పెట్టుకుంటున్న ఆ ఫోనుని ఎలా ఆపాలో ఆయనకి తెలియలేదు.

“బావా. ఇటు రా.”

గొంతు బల్ల కిందనుంచి వచ్చింది. బావమరిది కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. మేస్త్రి మోకాళ్ల మీద వంగి, పొట్టతో కాసేపు యుద్ధం చేసి, వెల్లకిలా లోపలికి జరిగాడు.

పైన ఎంత వెతికినా దొరకని అతుకు అక్కడ తాడు పట్టి గీసినట్టు కూడిక గుర్తులా తిన్నగా కనబడుతోంది. చెక్కల మీద పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు. చెక్కనీ చెక్కనీ కలుపుతూ బోల్టులు. పైన మూడు కోట్లు పెట్టిన మనిషి కిందికి ఒక్కసారి కూడా తొంగిచూడలేదు.

“పైనుంచి చూసేవాళ్లకే కనబడదు బావా” అన్నాడు బావమరిది. ఆ పూట అతనన్న మాటల్లో అదే పొడుగైనది. బోల్టులు విప్పి, రంపం బ్లేడు ఒకటి మేస్త్రి చేతిలో పెట్టాడు. “కొయ్యి.”

“నేనా?”

“పూడ్చింది నువ్వేగా.”

కూతురు ఫోను దించింది.

మేస్త్రి కోశాడు. సందులోంచి బ్లేడు పైకి దోపి, తాను పసిపిల్ల బుగ్గలా నిమిరిన మూడో కోటుని కిందనుంచి కోసుకుంటూ పోయాడు. పొడి కళ్లల్లో పడింది, మీసం తెల్లబడింది. పైనుంచి పోస్ట్‌మన్ అరుస్తున్నాడు: “బయటికొచ్చింది! గడ్డిలోంచి ముక్కు పెట్టింది! ఇప్పుడు గుట్ట దగ్గరికొచ్చింది!” అటువైపు నుంచి బావమరిది రెండో బ్లేడుతో వస్తున్నాడు. పదిన్నర దాటేసరికి నాలుగో చెక్క నిట్టూర్చినట్టు చప్పుడు చేసి విడిపోయింది.

చెక్కలు దింపుతుండగా కూతురు ఒక చెప్పుల పెట్టె తెరిచి తండ్రికి చూపించింది. గిన్నెలు తోమే పీచు చీల్చి ఆకుపచ్చ రంగు వేసిన కంచెలు, వేలెడంత రాతిగోడలు, పొదలు. “ఇవి అతుకు మీద పెడతాం, ఆటయ్యాక ఎత్తేస్తాం. దాచడమంటే ఇంతే నాన్నా.”

“మరి నన్నెందుకు పిలిచావ్?”

“చెక్కల అంచులకి నేల రంగు వేస్తావని. సందు ఉన్నా నల్లగా కనబడదుగా. ఆ రంగు కలపడం నీకు తప్ప ఎవరికొచ్చు?”

మేస్త్రి అక్కడికక్కడే నేల రంగు కలిపి, రంగు డబ్బా పట్టుకుని ట్రాలీలో చెక్కల మధ్య ఎక్కి కూర్చున్నాడు. దారిపొడుగునా, గుంతల్లో ఎగిరిపడుతూ, అంచులకి రంగు వేస్తూనే పోయాడు. ఆశ్చర్యం ఏమిటంటే అప్పుడు మోకాలు ఊగలేదు.

హాల్లో ఇంకో జట్టు అప్పటికే తమ పెట్టెలు ఆ చోటు దగ్గరికి జరుపుకుంటోంది. పదకొండుకి రెండు నిమిషాల ముందు నాలుగు చెక్కలూ చేరాయి, బోల్టులు బిగిశాయి, కంచెలు పడ్డాయి. పక్క ఊరి జట్టు నాయకుడు పనిగట్టుకుని వచ్చి, కూడిక గుర్తు కోసం బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“అతుకేదండీ?” అన్నాడు మేస్త్రితో.

మేస్త్రి నోరు తెరిచాడు. చీమ, మేక, భూకంపం, అన్నీ నాలుక చివర వరుసలో నిలబడ్డాయి. బల్లకి అవతల బావమరిది ఊరికే కొంచెం వంగి, కిందికి చూశాడు.

“కంచె కింద” అన్నాడు మేస్త్రి.

“భలేవారే! కోతలు కొయ్యకండి” అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడాయన.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మేస్త్రి టీకొట్టులో అదే బల్ల మీద కూర్చున్నాడు. పోస్ట్‌మన్ పాత చొక్కా వేసుకుని వచ్చాడు. సెలూనాయన ఒక గడ్డానికి నురగ పూసి వచ్చాడు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

“నిన్న హాల్లో మా అమ్మాయి బల్ల చూడ్డానికి ఎంతమంది వచ్చారో తెలుసా?”

అక్క టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, వెనక్కి తిరిగి తన కొట్టు గుమ్మంవైపు ఒకసారి చూసింది.

“మేస్త్రీ, కథ మొదలుపెట్టేముందు ఒక్కమాట. ఇది ముక్కలుగా విడిపోతుందా? మా గుమ్మం కూడా మూడున్నర అడుగులే.”